గంగాధరప్ప బంతి ఎందుకు కుడికి పోతుంది

మా బావ గంగాధరప్ప గోల్ఫ్ ఆడతాడంటే కన్నడ సీమలో ఉన్న మా తెలుగు ఊరు గూళూరులో ఒక్కరూ నమ్మరు. నమ్మించే పని నేనెప్పుడో మానేశాను. మండికల్ దాటాక కొండ కింద ఉన్న ఆ గోల్ఫ్ మైదానంలో బంతులు ఏరే ట్రాక్టరు నడిపేది నేనే కాబట్టి నాకు ఎవరి సాక్ష్యమూ అక్కర్లేదు. రోజూ పొద్దున అరవై దాటిన ఆ మనిషి చొక్కా ప్యాంటులోకి దోపుకుని, భుజాన తువ్వాలు మాత్రం వదలకుండా వచ్చి, బంతిని కొడతాడు. అది కుడికి పోతుంది.

నాలుగేళ్ళుగా కుడికే పోతోంది. మొదట బుద్ధిగా ఎడమ పక్కకు బయల్దేరుతుంది. సగం దూరం పోయాక ఏదో మరిచిపోయినట్టు కుడికి తిరిగి, కంచె దాటి, అవతలున్న పాలీహౌస్ ప్లాస్టిక్ కప్పు మీద పడుతుంది. అందులో క్యాప్సికం పండించేది మా బావకు సొంత అన్న బయ్యప్ప. అన్నదమ్ములకు మాటల్లేవు.

మోజు కొద్దీ ఆడతాడనుకుంటే పొరపాటే. మా బావకు ఆ ఆటంటే ఒళ్ళు మంట. కానీ మైదానంలో మొదటి టీ, అంటే మొదటి బంతిని చిన్న మేకు మీద నిలిపి కొట్టే గడ్డి దిబ్బ, ఒకప్పటి ఆయన చేలోనే ఉంది. ఆ చేలో బోరు మీద బోరు వేయించాడు. దుమ్ము తప్ప ఏమీ రాలేదు. చివరికి గోల్ఫ్ వాళ్ళకు అమ్మేశాడు. అమ్మిన చేలో వాళ్ళ నాయన సమాధి ఉంది. మా వైపు పెద్దలను సొంత చేలోనే పూడుస్తాం, ఏటా మహాలయ అమావాస్యకు అక్కడే ఆకు వేసి ఎడ, అంటే పెద్దలకు నైవేద్యం, పెడతాం. భాగాల్లో ఆ ముక్క చిన్నవాడైన మా బావకు వచ్చింది. "నాయిన్ని కూడా కలిపి అమ్మినావు కదరా," అన్నాడు బయ్యప్ప ఆ రోజు. తరువాత ఇంకేమీ అనలేదు.

మా బావ మరీ అంత తెలివితక్కువగా ఏం సంతకం పెట్టలేదు. సమాధిని కదపకూడదన్నాడు. కదపలేదు, ఏటా సున్నం కూడా వాళ్ళే కొట్టిస్తారు. వచ్చి పోవడానికి దారి కావాలన్నాడు. దారి ఇస్తే ఊరంతా వస్తుందని భయపడి, దారికి బదులు మెంబర్‌షిప్ ఇచ్చారు. మెంబరు ఎప్పుడైనా లోపలికి రావచ్చు. కానీ మెంబరన్నవాడు ఆట ఆడాలి, ఆడకపోతే మెంబర్‌షిప్ పోతుంది. టీ టెస్టు అని ఒకటుంటుంది. అది పాసైతే తనతో పాటు ఒక గెస్టును తెచ్చుకోవచ్చు. పాసవకపోతే ఒంటరిగా రావాలి, ఒంటరిగా పోవాలి. తండ్రి సమాధికి పోవడం కోసం గోల్ఫ్ కర్ర పట్టిన మనిషి ఇంకెక్కడైనా ఉంటే నాకు చూపించండి, నేను ట్రాక్టరు దిగి దండం పెడతాను.

అలా ఏటా ఆ అమావాస్యకు బావ లోపల సమాధి దగ్గర ఒక్కడే ఆకు వేస్తాడు. బయ్యప్ప కంచె అవతల, సమాధికి సరిగ్గా ఎదురుగా, తన ఆకు వేసుకుంటాడు. ఇద్దరూ తలెత్తకుండా కాకులను పిలుస్తారు. కాకులకు మెంబర్‌షిప్ అక్కర్లేదు కాబట్టి అవి రెండు పక్కలా తిని పోతాయి. ఆ దృశ్యం చూసినప్పుడల్లా ఇద్దరి తలలూ పట్టుకుని ఢీకొట్టించాలనిపిస్తుంది. నేను బావమరిదిని, నాకా అధికారం లేదు.

ఈ ఏడు శ్రావణంలో బావ కొట్టిన బంతి పాలీహౌస్ కప్పును చించుకుని లోపల పడింది. బయ్యప్ప ఆఫీసుకు వచ్చి కన్నడంలో ఫిర్యాదు చేశాడు. తమ్ముడి పేరు చెప్పలేదు, "ఆ మెంబరు" అన్నాడు. సెక్రెటరీ బెంగుళూరులో రిటైరై వచ్చిన పెద్దమనిషి, ఎంత మెత్తగా మాట్లాడితే అంత గట్టిగా కోస్తాడు. మా బావను కూర్చోబెట్టి కాఫీ ఇప్పించి చెప్పాడు: మహాలయ అమావాస్యకు ముందొచ్చే ఆదివారం టీ టెస్టు. మూడు బంతులు కొట్టాలి. రెండు, టీ ముందర నున్నగా కత్తిరించిన గడ్డి బాటలో పడాలి. ఒక్కటి కంచె దాటినా మెంబర్‌షిప్ రద్దు.

బావ బయటికొచ్చి నా ట్రాక్టరు పక్కన నిలబడ్డాడు.

"ఏమన్నాడు బావా?"

"నాయిన దగ్గరికి పోవల్నంటే బంతి నేరుగా పోవల్లంట," అన్నాడు.

మైదానంలో ఆట నేర్పే కోచ్ నయన, చింతామణి పిల్ల. బెంగుళూరులో శిక్షణ తీసుకుని వచ్చింది. ఎదుటివాడు ఎంత చెత్తగా కొట్టినా మొహంలో ఏమీ కనపడనివ్వదు, ఆ పనికి ముఖ్యంగా కావలసింది అదేననుకుంటాను. విషయం విని, "ముందు మీరు కొట్టండప్పా, చూస్తాను," అంది.

బావ టీ మేకును నేలలో గుచ్చాడు. చుట్టూ మట్టిని బొటనవేళ్ళతో అదిమాడు. మళ్ళీ అదిమాడు. టమోటా నారు నాటేటప్పుడు అచ్చం అలాగే చేస్తాడు. మేకు దాదాపు మాయమైంది, బంతి గడ్డిలో కూర్చుంది.

"అప్పా, దానికి వేర్లు పోవల్సిన పన్లేదు," అంది నయన. మేకును పైకి లాగి, డ్రైవర్ అనే ఆ లావు తల కర్రను బంతి పక్కన ఆనించి చూపింది. "బంతి సగం కట్టె తలకన్న పైన కనపడల్ల. కిందుంటే మీరు గడ్డపలుగుతో పొడిచినట్ల పైనుంచి పొడుస్తారు."

తరువాత బావ నిలబడ్డాడు. నయన ఆయన పాదాలు చూసింది. రెండు పాదాల కొనలు కలిపి గీత గీస్తే అది పోయే దిక్కు చూసింది. అక్కడ క్యాంటీన్ ఉంది.

"ఎందుకప్పా అంత ఎడమకి తిరుక్కున్నారు?"

"కుడికి పోతాది కదమ్మా," అన్నాడు బావ, చిన్నపిల్లకు చెప్పినట్టు. "నీళ్ళు కుడి పక్కకి తెగితే మడవ ఎడమకి తిప్పల్ల."

మా వైపు పుట్టినవాడెవడైనా ఇదే చేస్తాడు. కాలువ నీళ్ళు కుడికి పోతుంటే కుడిపక్క మట్టి వేసి, దారిని ఎడమకు మళ్ళిస్తాం. బావ బంతికీ అదే వైద్యం చేశాడు. మొదటి ఏడు కొంచెం ఎడమకు తిరిగాడు, బంతి కుడికి పోయింది. మరుసటి ఏడు ఇంకొంచెం తిరిగాడు, బంతి ఇంకా కుడికి పోయింది. ఇలా తిరిగీ తిరిగీ ఇప్పుడు క్యాంటీన్‌కు గురిపెట్టి నిలబడి అన్న పాలీహౌస్‌ను కొడుతున్నాడు. ఆలోచిస్తే అదీ ఒక విద్యే.

నయన గడ్డి మీద కూర్చుంది. బావ కూడా కూర్చున్నాడు. ఆ పిల్ల ఓపికగా చెప్పింది.

"వినండప్పా. బంతి మొదట యాటికి బయల్దేరుతాది? కట్టె మొగం యాటికి చూస్తాంటే అట్ల. మరి గాల్లో ఎందుకు వంగుతాది? కట్టె పోయే దోవ ఒకటి, మొగం చూసేది ఒకటి ఐతే వంగుతాది. మీ కట్టె బయట నుంచి లోపలికి, మీ ఎడమ కాలి పక్కకి కోసుకుంటా వస్తాది. మొగమేమో ఆ దోవకన్న కుడికి తెరుచుకోనుంటాది. దాంతో బంతి కుడికి గిరగిరా తిరుగుతా పోతాది. మీరు ఎడమకి తిరిగే కొద్దీ కట్టె ఇంకా ఎడమకి కోస్తాది, బంతి ఇంకా కుడికి వంగుతాది."

బావ ఒక గడ్డిపోచ పీకి పడేశాడు.

"అంటే నాలుగేండ్లుగా నేను దాని వంకరకే నీళ్ళు కట్టి పెంచినాను," అన్నాడు.

"అవునప్పా," అంది నయన. ఇట్లాంటప్పుడు అబద్ధం చెప్పే అలవాటు ఆ పిల్లకు లేదు.

కట్టె అలా కోసుకుంటూ రావడానికి కారణం కూడా దొరికింది. నలభై ఏళ్ళు పార పట్టిన చేతులు అవి. కాలువ తీసేటప్పుడు పారను బయటికి వేసి, మట్టిని ఎడమ కాలి వైపు లాక్కుంటాడు. కర్ర చేతికిచ్చినా చేతులు అదే లాగుడు లాగుతున్నాయి. నయన డ్రైవర్ మొగానికి పౌడరు పూసి కొట్టించింది. బంతి అచ్చు ఎప్పుడు చూసినా మధ్యలో కాకుండా తలకు కడ్డీ బిగించిన పక్కనే పడుతోంది. నేల మీద దోవ తెలియడానికి డ్రిప్పు పైపు ముక్క పరిచింది. బావ దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "మంచి పైపు, ఇంకా రెండు పంటలు వస్తాది," అన్నాడు. బంతి మాత్రం కుడికే పోయింది.

రోజులు గడుస్తున్నాయి. బావ అన్నం తినడం తగ్గించాడు. ఇంట్లో పశువుల కొట్టం ముందు కూడా కర్రతో ఊపడం మొదలుపెట్టాడు. ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి ఆ ఊపుకు మా అక్క ఎండబెట్టిన మిరపకాయల చేట ఎగిరిపడి ఉంది. మా అక్క సుజాతమ్మ నోరు మంచిది, కానీ మిరపకాయల విషయంలో కాదు.

"తోడబుట్టినోడి ఇంటికి పోయి ఒక మాట మాట్లాడేకి కాదు ఈయప్పకి!" అంది నాతో, ఆయనకు వినపడేలా. "ఆయన కాళ్ళు పట్టుకోనుంటే ఎప్పుడో అయిపోయుండును. దానికి బదులు ఈడ ఇంత పొడుగు కట్టె పట్టుకోని గాలిని కొడ్తాండాడు. ఆ కట్టె అట్ల పెట్టి కొట్టాన్నన్నా కడుగు పో!"

బావ కర్ర గోడకు ఆనించి బకెట్టు అందుకున్నాడు. రెండు చేతులతో పట్టుకుని, కుడి తొడ పక్క నుంచి ఊపి, ఆవు మీద పడకుండా దాన్ని తప్పించి అవతలి మూలకు నీళ్ళు విసిరాడు. చేతులు రెండూ బారుగా సాగి, బయటి వైపుకు పోయాయి. ఎడమ కాలి వైపు లాక్కోవడం లేదు. నాకు ఆట రాదు గానీ రోజంతా ఆడేవాళ్ళనే చూస్తాను. మరునాడు నయనతో చెప్పాను. ఆ పిల్ల పోయి బాత్‌రూము కడిగే బకెట్టు పట్టుకొచ్చింది.

"ఖాళీ బకెట్టుతో ఊపండప్పా. ముందర ఆవు ఉండాదనుకోండి."

"యా ఆవు? ఈనిందా, చూడిదా?"

"యాదైతే ఏమప్పా?"

"చూడిదైతే మెల్లగా పొయ్యల్ల కదమ్మా."

"ఈనిందే అనుకోండి," అంది నయన.

బెంగుళూరు మెంబర్లందరూ చూస్తుండగా మా బావ ఖాళీ బకెట్టుతో లేని ఆవును తప్పించి లేని నీళ్ళు విసిరాడు. సెక్రెటరీ అటు వస్తూ ఆగి, ఇదేమిటని అడిగాడు. "రిలీజ్ డ్రిల్ సార్," అంది నయన, రెప్ప వేయకుండా. ఆయన తలాడించి వెళ్ళిపోయాడు. ఆ తరువాతి వారం ఇద్దరు సాఫ్ట్‌వేరు పిల్లలు తమకూ బకెట్లు కావాలని అడిగారు.

బకెట్టు పక్కన పెట్టి అదే ఊపుతో బంతిని కొట్టమంటే, అది క్యాంటీన్ రేకుల మీద పడింది. క్యాంటీన్ ఉన్నది ఎడమన. లోపలి నుంచి వంట మాస్టరు కన్నడంలో ఏదేదో అన్నాడు. బావకు అవేవీ వినపడలేదు.

"ఎడమకి పాయ నాగరాజూ! చూస్తివా? ఎడమకి పాయనే!" అని నా భుజం మీద చరిచాడు. ఆ దెబ్బ రెండు రోజులు నొప్పి పెట్టింది. నాకూ సంతోషంగానే ఉండింది, ఎందుకు దాచాలి.

ఇంక మిగిలింది పాదాలు. క్యాంటీన్ నుంచి ఆయన పాదాలను రోజుకింత గడ్డి బాట వైపు తిప్పుకుంటూ వచ్చింది నయన. బంతిని ఎడమ మడమకు ఎదురుగా పెట్టించింది. చేతుల బిగువు తగ్గించమంది, పార పట్టినట్టు కాదు, కోడిపిల్లను పట్టినట్టు పట్టుకోమంది. పది బంతుల్లో ఏడెనిమిది నేరుగా పోయే రోజు వచ్చింది. మిగతావి మాత్రం పాత ప్రేమ కొద్దీ కుడికే పోయేవి. ఎప్పుడు పోతాయో ఆయనకూ తెలియదు, నయనకూ తెలియదు.

టెస్టు ఆదివారం పొద్దున సెక్రెటరీ, కమిటీ వాళ్ళు కుర్చీలేసుకుని కూర్చున్నారు. ఫిర్యాదు చేసినవాడు కాబట్టి బయ్యప్పను కంచె దగ్గర నిలబడమన్నారు. ఆయన తన పక్కనే, తన మట్టిలో, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కంచె ఉన్నది తూర్పున. సూర్యుడు అప్పుడే కొండ మీదికి వచ్చి, టీ దగ్గర ఉన్నవాళ్ళ కళ్ళలోకి కొడుతున్నాడు. బంతులు ఎక్కడ పడ్డాయో చెప్పడానికి నన్ను ట్రాక్టరుతో సహా దూరంగా, కంచె దాపున పెట్టారు.

మొదటి బంతి లేచి, ఎవరో దారం పట్టి లాగినట్టు నేరుగా పోయి గడ్డి బాట నడుమ పడింది. రెండోది కొంచెం కుడికి జరిగింది. కానీ అది కూడా గడ్డిలోనే ఆగింది. ఇంక మూడోది కంచె దాటకుంటే చాలు.

"మెల్లగా కొట్టండప్పా," అంది నయన.

బావ కర్ర ఎత్తబోతూ ఒక్కసారి తలెత్తి చూశాడు. ఎదురుగా సున్నం కొట్టిన సమాధి, దాని వెనక కంచె, కంచె వెనక అన్న. చూడకుండా ఉండవలసింది. చేతులకు మళ్ళీ పార గుర్తొచ్చింది.

బంతి ఎడమకు బయల్దేరింది. సగం దూరం పోయాక తిరిగింది. కమిటీ వాళ్ళందరూ చేతులు అడ్డం పెట్టుకుని ఎండలోకి చూస్తున్నారు. వాళ్ళకు కనపడలేదు. నాకు కనపడింది. కంచె మీదుగా పోయి, పాలీహౌస్‌కు ఇవతల దున్నిన మెత్తటి మట్టిలో, బయ్యప్ప ముందర పడింది. చప్పుడు కూడా కాలేదు.

"నాగరాజ్, ఎక్కడ?" అని సెక్రెటరీ అరిచాడు.

జీతం తీసుకునేది ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే. "ఎండ సార్, కనపళ్ళేదు," అన్నాను.

సెక్రెటరీ లేచి కంచె దాకా నడిచొచ్చాడు. వెనకే కమిటీ, వాళ్ళ వెనక నయన, అందరికంటే వెనక మా బావ. "మీ పక్కకు వచ్చిందా?" అని బయ్యప్పను కన్నడంలో అడిగాడు.

బయ్యప్ప ఒక అడుగు ముందుకు వేసి, బంతి పడ్డ చోటే కాలు అదిమి నిలబడ్డాడు. "ఏం రాలేదు సార్," అన్నాడు కన్నడంలోనే.

"కచ్చితంగా చెబుతున్నారా?"

"నా పంట, నా కప్పు. ఫిర్యాదు చేసిందీ నేనే. వస్తే చెప్పనా?"

కమిటీ వాళ్ళు చప్పట్లు కొట్టారు. సెక్రెటరీ బావ చెయ్యి పట్టుకుని ఊపి, ఇక నుంచి గెస్టును తెచ్చుకోవచ్చన్నాడు. బావ ఆయన వంక చూడలేదు. కొట్టిన చేతికి తెలుస్తుంది బంతి ఎటు పోయిందో. బావ చూపు బయ్యప్ప కాలి మీదే ఉంది.

ఆ మధ్యాహ్నం బావ అన్న దగ్గరికి బయల్దేరాడు. కొట్టుకుంటే విడిపించమని మా అక్క నన్ను వెంట పంపింది. బయ్యప్ప పాలీహౌస్‌లో మొక్కలకు దారాలు కడుతున్నాడు, తలెత్తలేదు.

"అన్నా," అన్నాడు బావ. "అమావాస్యకి నువ్వు లోపలికి రావచ్చు. నా గెస్టుగా."

"నా నాయిన దగ్గరికి పోయేకి నేను గెస్టునా?"

బావ భుజాన తువ్వాలు తీశాడు. "తప్పు నాదే అన్నా. నాయిన్ని వాళ్ళకి ఇచ్చేసినాను."

"ఇచ్చినందుకు కాదురా నాకి కోపం," అన్నాడు బయ్యప్ప. దారం ముడి వేశాడు, అది జారింది, మళ్ళీ వేశాడు. "నీ బోర్లు ఎండినప్పుడు నా బోరులో నీళ్ళుండె. ఒక్క పైపు ఏసుకోనుంటే నీ చేను తడిసుండును. నువ్వొచ్చి అడుగుతావని చూస్తి. నువ్వు పోయి వాళ్ళనడిగితివి."

"నిన్ను అడిగేకి మొగం చెల్లలే అన్నా."

"నేనేమన్నా పరాయోడినా?"

బావ దారం రెండో కొస పట్టుకున్నాడు. విడిపించవలసిన అవసరం రాదని నాకప్పుడే తెలిసిపోయింది, బయటికి వచ్చి నిలబడ్డాను. కాసేపటికి లోపల నుంచి బయ్యప్ప గొంతు వినిపించింది. "బూట్లు ఎయ్యల్లంటనా ఆడ?"

"ఎయ్యల్లన్నా."

"నాయిన బతికినన్ని దినాలూ చెప్పులే ఎయ్యలే," అన్నాడు.

అమావాస్య నాడు ఇద్దరూ గేటులోంచి లోపలికి వచ్చారు. బయ్యప్ప బూట్లు ఆయన కొడుకువి, ఒక సైజు పెద్దవి, నడిస్తే టపటపమంటున్నాయి. సమాధి దగ్గర బూట్లు విప్పేశారు. ఈసారి ఒకటే ఆకు వేశారు. మా అక్క, బయ్యప్ప భార్య కలిసి వండిన అన్నం, గుమ్మడికాయ కూర, వడలు అందులో పెట్టారు. అన్న నీళ్ళు తిప్పాడు, తమ్ముడు కర్పూరం వెలిగించాడు. ట్రాక్టరు ఆపి నేనూ దండం పెట్టుకున్నాను.

దండాలయ్యాక బావ లేవబోయాడు. బయ్యప్ప లేవలేదు. సమాధి మీద చెయ్యి ఆనించి, పక్కనున్న తమ్ముడి వంక చూడకుండా, తండ్రితోనే మాట్లాడాడు.

"నాయినా, చిన్నోడు టెస్టు పాసైనాడు," అన్నాడు. "మూడోది మాత్రం కుడికే పాయ. నీకి చెప్పకుండా ఎట్ల?"